రాగి హెల్మెటా, చెక్క పెట్టెనా, రేకు బకెట్టా: పాతకాలం బొగ్గు సామాన్లో ఏది కొనాలి

మొన్న దసరాకి మా ఇంటికొచ్చినవాళ్ళలో ఒకావిడ హాల్లో ఫైర్‌ప్లేస్ పక్కనున్న రాగి సామాను చూసి ఇదేంటండీ పూలకుండీనా భలే ఉంది అంది, కాదమ్మా బొగ్గులు వేసుకునేది అంటే నమ్మలేదు, దగ్గరికెళ్ళి లోపల చూసి మసి చేతికంటాక అప్పుడు నమ్మింది. అప్పట్నుంచి ఆవిడతో పాటు ఇంకో ముగ్గురు మెసేజ్‌లు పెట్టారు, మేం కూడా పాత విక్టోరియన్ ఇల్లు తీసుకున్నాం, ఇలాంటివి చాలా రకాలు కనిపిస్తున్నాయి, ఏది తీసుకుంటే మంచిది అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు తెలిసిందంతా ఒక్కచోట రాస్తున్నా.

నేను పుట్టింది ఇల్లందులో, ఉంటున్నది ఇంగ్లండ్ ఉత్తరాన డర్హమ్‌లో, రెండూ బొగ్గు మీద బతికిన ఊళ్ళే. ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు బయటపడింది, సింగరేణి అంతా అక్కడ్నుంచే మొదలైంది, మా తాతయ్య ఆ బాయిల్లోనే, అంటే గనుల్లోనే, తట్టా చెమ్మస్ (బుట్టా పారా) పట్టి పనిచేశాడు. ఇక్కడేమో డర్హమ్ బొగ్గుగనుల్లో ఆఖరిదైన మంక్‌వేర్‌మౌత్ 1993లో మూతపడింది, ఆ స్థలంలోనే ఇప్పుడు సండర్లాండ్ ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. అందుకే బొగ్గుకి సంబంధించిన పాత సామాను ఎక్కడ కనిపించినా నా కాళ్ళు ఆగిపోతాయి. ఇప్పటిదాకా ఐదు కొన్నా, అందులో రెండు రోజూ వాడుతున్నా, ఒకటి మోసపోయి కొన్నా, దాని సంగతి కింద చెప్తా.

ముందు మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే, దాంట్లో నిజంగా బొగ్గు వేస్తారా లేదా. ఎందుకంటే చాలామంది మెరుపు చూసి కొంటారు, తర్వాత మంట వేయడం మొదలెట్టాక అది చేతికి కుదరదు, బరువుకి ఎత్తలేరు, అడుగు ఊడొస్తుంది. వాడేదైతే పిడి చూసి, అడుగు చూసి కొనండి, మెరుపు ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు గానీ అడుగు పోయినదాన్ని బాగుచేయించాలంటే కొన్నదానికంటే ఎక్కువవుద్ది.

ఇంకోటి, ఇంగ్లండ్‌లో మామూలు ఇంటి బొగ్గు ఇప్పుడు అమ్మకంలో లేదు, బస్తాల్లో అమ్మడం 2021 మే నుంచి, విడిగా తోలడం 2023 మే నుంచి ఆపేశారు. ఇప్పుడు దొరికేది స్మోక్‌లెస్ ఫ్యుయెల్, అంటే పొగ తక్కువ వచ్చేది, ఎక్కువగా కోడిగుడ్డు సైజులో నున్నగా ఉండే ఉండలు. చాలా ఊళ్ళు స్మోక్ కంట్రోల్ ఏరియాలో, అంటే పొగ మీద ఆంక్షలున్న చోట, ఉంటాయి, మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ వీధి ఉందో లేదో చూసుకోండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే పాత సామాను పెద్ద పెద్ద బొగ్గు పెళ్ళల కోసం చేసింది, ఈ గుడ్లు వాటిల్లో ఇంకా బాగా ఇముడుతాయి, వంచితే జారి పడతాయి కూడా, ఆ విషయంలో భయమేం లేదు.

అసలు ఇన్ని రకాలు ఎందుకొచ్చాయో తెలిస్తే ఎంచుకోవడం ఈజీ. లండన్ లాంటి చోట పాత వీధుల్లో నడిచేటప్పుడు ఫుట్‌పాత్ మీద గుండ్రటి ఇనప మూతలు కనిపిస్తాయి చూడండి, డిజైన్లు పోతపోసి ఉంటాయి, అవి డ్రైనేజీవి కావు, బొగ్గు కన్నాలు. బొగ్గాయన హండ్రెడ్‌వెయిట్ బస్తా, అంటే 112 పౌన్లు, మన లెక్కలో దాదాపు 51 కిలోలు, వీపు మీద మోసుకొచ్చి ఆ కన్నంలోంచి నేరుగా కింద సెల్లార్‌లోకి గుమ్మరించేవాడు, ఇంట్లోకి అడుగు పెట్టే పనే లేదు. అక్కడ్నుంచి రెండు మూడు అంతస్తులు పైకి, ప్రతి గదిలో మంట దగ్గరికి చేర్చాల్సింది పనమ్మాయిలు. కాబట్టి పని రెండు రకాలు, ఒకటి మోసేది, రెండోది గదిలో మంట పక్కన పెట్టి ఉంచేది. మోసేది తేలిగ్గా గట్టిగా ఉండాలి, ఉంచేది అందంగా మసి కనపడకుండా ఉండాలి. ఇప్పుడు షాపుల్లో ఈ రెండూ కలిపేసి అన్నిటికీ స్కటిల్ (బొగ్గు తొట్టి) అని చీటీ పెట్టేస్తారు, ఆ చీటీ నమ్మి కొనొద్దు.

ఇక రాగి హెల్మెట్ స్కటిల్, అందరికీ కళ్ళు పడేది దీని మీదే. తలకిందులుగా పెట్టిన పాతకాలం సైనికుడి టోపీలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ముందు మూతి వెడల్పుగా కిందికి వాలి ఉంటుంది, పైన పెద్ద పిడి మోయడానికి, వెనకాల చిన్న పిడి వంచడానికి, అడుగున గుండ్రటి పాదం. దీని తెలివంతా ఆ రెండు పిడుల్లో ఉంది, కుడిచేత్తో పైన పట్టుకుని ఎడంచేత్తో వెనకాల పైకెత్తితే బొగ్గు నేరుగా మంటలోకి జారుద్ది, పార పెట్టి తీయాలన్నా ఆ వాలు మూతి వల్ల పార లోపలిదాకా పోతుంది. ఓపెన్ ఫైర్‌ప్లేస్ ఉన్నవాళ్ళకి నా సలహా ఇదే, రెండో మాట లేదు. స్టవ్, అంటే గ్యాస్‌ది కాదు, తలుపున్న ఇనప పొయ్యి, ఉన్నవాళ్ళకి మాత్రం వద్దు, స్టవ్ డోర్ చిన్నగా ఉంటుంది, వెడల్పు మూతిలోంచి పోస్తే సగం నేల మీదే పడతాయి.

కొనేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకెళ్ళండి. రాగికి ఇత్తడికి అంటుకోదు, పైన పూత పూసిన స్టీలు అయితే టక్కున అంటుకుంటుంది. కానీ ఒక విషయం, అంచు దగ్గర పెట్టి చూడొద్దు, ఎందుకంటే పాతవాటిలో అంచు గట్టిగా ఉండాలని లోపల ఇనప తీగ పెట్టి రాగి రేకుని దాని మీదకి చుట్టేవాళ్ళు, అక్కడ అంటుకుంటే అది నకిలీ అని కాదు, సరిగా చేసిన పనికి గుర్తు. పొట్ట మధ్యలో పెట్టి చూడండి. నేను మోసపోయింది ఇక్కడే, ఆన్‌లైన్ వేలంలో ఫొటోలు చూసి రాగి అనుకుని 40 పౌండ్లు పెట్టి కొన్నా, విక్టోరియన్ అని రాశారు, ఇంటికొచ్చాక ఒక్క చలికాలం వాడేసరికి అడుగున పూత పొరలు పొరలుగా లేచిపోయి కింద తుప్పు కనపడింది, మోసం అని తెలిసిన రోజు చాలా బాధేసింది, డబ్బుల గురించి కాదు, అంత నమ్మకంగా అందరికీ చూపించినందుకు.

తర్వాత అతుకు చూడండి. చేత్తో చేసిన పాత రాగి సామాన్లో రెండు అంచులు కలిసేచోట పళ్ళు పళ్ళుగా ఒకదాంట్లో ఒకటి ఇరికించినట్టు జిగ్‌జాగ్ గీత కనిపిస్తుంది, కొంచెం పసుపు రంగులో ఉంటుంది ఆ అతుకు, పైన ఎంత పాలిష్ చేసినా లోపలి వైపు టార్చ్ వేస్తే తెలిసిపోద్ది. పిడి రివెట్లతో బిగించి ఉండాలి. ఎక్కడైనా ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూ ఉంటే ఆ స్క్రూ 1930ల కంటే ముందుది అయ్యే అవకాశమే లేదు, అంటే కొత్త వస్తువైనా అయ్యుండాలి, తర్వాతెప్పుడో రిపేర్ అయినా అయ్యుండాలి, రిపేర్ అయితే ధర తగ్గించమని అడగొచ్చు. ఆఖరికి తిరగేసి పాదం చూడండి, పాదం పొట్టకి కలిసే గీత దగ్గరే ఇవి ముందు పోతాయి, అక్కడ బూడిద రంగులో ముద్దగా సీసం మాటు వేసి ఉంటే బొగ్గు బరువుకి మళ్ళీ ఊడుద్ది. సొట్టలకి భయపడొద్దు, వందేళ్ళు బొగ్గు మోసినదానికి సొట్టలు లేకపోతేనే నాకు అనుమానం.

బరువు కూడా చూసుకోండి, పది లీటర్లు పట్టేదాంట్లో బొగ్గు నింపితే సుమారు ఎనిమిది కిలోలు, దానికి సామాను బరువు కలపాలి, సెల్లార్ మెట్లెక్కాలంటే చిన్న సైజే నయం. మా అత్తమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు పెద్దది ఎత్తబోయి నడుం పట్టేసింది, అప్పట్నుంచి పెద్దది హాల్లోనే ఉంటది, చిన్నదాంతో మోస్తాం.

ఇక చెక్క పెట్టె, దీన్ని పర్డోనియం అంటారు, పేరు విని మందు పేరేమో అనుకున్నా మొదట్లో, కాదు, దాన్ని తయారుచేసిన పర్డన్ అనే ఆయన పేరు మీద వచ్చింది, పందొమ్మిదో శతాబ్దం మధ్యలోది. మహాగనీ, వాల్‌నట్, ఓక్ లాంటి చెక్కతో, ముందుకి వాలిన మూత, ఇత్తడి పిడి, వెనకాల చిన్న పార పెట్టుకునే చోటు. లోపల విడిగా తీసే రేకు తొట్టి ఉంటుంది, అసలు విషయం అదే, పెట్టె గది దాటదు, తొట్టి ఒక్కటే సెల్లార్‌కి వెళ్ళి నిండి వస్తుంది, మూత వేస్తే లోపల బొగ్గు ఉందని కూడా తెలీదు. కార్పెట్ ఉన్న గదికి, చిన్నపిల్లలున్న ఇంటికి ఇది చాలా బాగుంటుంది, మసి బయటికి రాదు.

కానీ దీనితో తలనొప్పి ఏంటంటే పదింటిలో సగం వాటికి ఆ తొట్టి ఉండదు, ఎప్పుడో తుప్పు పట్టి పారేసి ఉంటారు, తొట్టి లేకుండా నేరుగా చెక్కలో బొగ్గు వేస్తే చెక్క పాడవుద్ది, మూలల్లో పొడి ఇరుక్కుని ఎన్నిసార్లు తుడిచినా పోదు. తొట్టి లేనిది చెప్పులు, మ్యాగజైన్లు, పిల్లల బొమ్మలు పెట్టుకోడానికైతే తీసుకోండి, ధర కూడా తక్కువ చెప్తారు. బొగ్గుకే కావాలంటే మూత తెరిచి తొట్టి ఉందా, దానికి సొంత పిడి ఉందా, బయటికి సాఫీగా వస్తుందా చూడండి. చెక్కలో సూది కన్నాల్లాంటివి ఉండి వాటి కింద సన్నటి పిండి రాలి ఉంటే పుచ్చు పురుగు ఇంకా బతికే ఉందని అర్థం, అది మీ ఇంట్లో మిగతా చెక్కకి పాకుద్ది, ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. కన్నాలుండి పిండి లేకపోతే పాతది, దానికి పర్లేదు.

ఇదే ఐడియాని రేకుతో చేసినవాటిని కోల్ వేజ్ అంటారు, నల్లటి రేకు మీద బంగారు గీతలు, పూలు, కింద పోత ఇనుము కాళ్ళు. ఆ నలుపు మామూలు పెయింట్ కాదు, లక్క లాంటి పూత వేసి కొలిమిలో కాల్చేవాళ్ళు, జపానింగ్ అనేవాళ్ళు, వేల్స్‌లో పాంటీపూల్, ఇంగ్లండ్‌లో బిల్‌స్టన్, వుల్వర్‌హాంప్టన్ దీనికి పేరున్న ఊళ్ళు. చూడ్డానికి అన్నిటికంటే ముద్దుగా ఉండేది ఇదే, అయినా వాడుకకి నేను చెప్పను. పూత చిట్లితే కింద రేకు తుప్పు పట్టడం మొదలవుద్ది, బొగ్గు తడిగా ఉంటే దాంట్లో ఉన్న గంధకం ఆ రేకుని ఇంకా తొందరగా తినేస్తుంది. పైగా పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఉప్పుకాగితం పెట్టి గీకొద్దు, కొత్త రంగు వేద్దామని అస్సలు గీకొద్దు, పాకే పిల్లలున్న ఇంట్లో పెచ్చులు రాలేది పెట్టొద్దు. పిల్లలు పెద్దయ్యి, మంట కాస్త దూరంగా ఉండి, చూడ్డానికే కావాలంటే తీసుకోండి. పూలు మరీ కొత్తగా మెరుస్తుంటే ఈమధ్య ఎవరో మళ్ళీ గీసినవని అర్థం, పాత పూలకి సన్నటి పగుళ్ళు ఉంటాయి.

పోత ఇనుము, రేకు వస్తువుల మీద, కొన్నిసార్లు ఇత్తడి మీద కూడా చిన్న డైమండ్ ఆకారంలో ముద్ర కనిపిస్తే బాగా చూడండి. అది బ్రిటన్‌లో డిజైన్ రిజిస్టర్ చేసిన గుర్తు, 1842 నుంచి 1883 దాకా వాడారు, పైనున్న చిన్న సున్నాలో రోమన్ ఒకటి (I) ఉంటే లోహం సామాను అని. 1884 నుంచి డైమండ్ పోయి నంబర్ వచ్చింది. ఆ ముద్ర చెప్పేది డిజైన్ రిజిస్టర్ అయిన తేదీ మాత్రమే, వస్తువు ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి చేసింది కూడా అయ్యుండొచ్చు, అమ్మేవాళ్ళు ఆ తేదీనే తయారీ తేదీలా చెప్తారు. ఇంకొకటి డ్రెస్సర్ పేరు. క్రిస్టఫర్ డ్రెస్సర్ అనే గొప్ప డిజైనర్ బెన్‌హమ్ అండ్ ఫ్రౌడ్ కంపెనీకి రాగి, ఇత్తడి సామాను డిజైన్ చేశాడు, ఆ కంపెనీ ముద్ర ఒక గోళం మీద శిలువ, అలాంటివి కలెక్టర్ల ధర పలుకుతాయి. కానీ చీటీ మీద డ్రెస్సర్ స్టైల్ అని రాసి ఉంటే అది డ్రెస్సర్‌ది కాదనే లెక్క, దానికి ఎక్కువ డబ్బులు ఇవ్వకండి.

స్టవ్ ఉన్నవాళ్ళకి, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కూడా, నేను మనస్ఫూర్తిగా చెప్పేది హాడ్. జింకు పూత వేసిన రేకు బకెట్, ముందు మూతి సాగినట్టు ఉంటుంది, ఇంకో రకం నిలువుగా సన్నగా పెట్టెలా ఉంటుంది, ఆ సన్నటి మూతి సరిగ్గా స్టవ్ డోర్‌లోకి దూరి ఒక్క గుడ్డు కూడా కింద పడకుండా పోసేయొచ్చు. దీన్ని ఎవరూ షోకేస్‌లో పెట్టరు, కార్ బూట్ సేల్స్‌లో, అంటే జనం కార్ల డిక్కీల్లో పాత సామాను తెచ్చి అమ్మే సంతల్లో, తోట సామాను మధ్యలో పడి ఉంటుంది, నేను ఒకటి 6 పౌండ్లకి తెచ్చా. మా డర్హమ్ దగ్గరున్న బీమిష్ మ్యూజియం ఎప్పుడైనా వెళ్తే 1900ల నాటి గని కార్మికుల ఇళ్ళు చూడండి, లోపల నిజంగానే మంట వెలుగుతుంటుంది. ఇక్కడి కార్మికులకి జీతంతో పాటు బొగ్గు ఇచ్చేవాళ్ళు, బండి తెచ్చి ఇంటి వెనక సందులో కుప్ప పోసి పోయేది, ఇంటిల్లిపాదీ పారలతో ఎత్తి కొట్లో పోసుకునేవాళ్ళు. ఆ బొగ్గు తవ్వినవాళ్ళ ఇళ్ళల్లో రాగి హెల్మెట్ ఎక్కడ ఉంటుంది, ఇలాంటి బకెట్టే. నాకు దీని మీద ఎక్కువ ప్రేమ ఉండటానికి అది కూడా కారణం, చూసినప్పుడల్లా మా తాతయ్య తట్ట గుర్తొస్తుంది. కొనేటప్పుడు లోపల చెయ్యి పెట్టి అడుగు నొక్కి చూడండి, రేకు లోపలికి పోతుంటే వద్దు, టార్చ్ లోపల పెట్టి బయట్నుంచి చూస్తే చిల్లులు నక్షత్రాల్లా కనిపిస్తాయి.

ఒకటి జాగ్రత్త, మూత ఉన్న గుండ్రటి రాగి బిందె లాంటిది యాంటిక్ షాపుల్లో బొగ్గు బకెట్ అని అమ్ముతారు, చాలావరకు అవి డచ్‌వాళ్ళ డోఫ్‌పాట్‌లు. అది బొగ్గు మోసేది కాదు, మండే నిప్పులు దాంట్లో వేసి మూత పెడితే గాలాడక ఆరిపోతాయి, ఆ ఆరిన బొగ్గులు మళ్ళీ వాడుకుంటారు. మన ఇళ్ళల్లో కట్టెల పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద నీళ్ళు చల్లి ఆ బొగ్గులు ఎండబెట్టి కుంపట్లోకి దాచేవాళ్ళు కదా, అదే పని, నీళ్ళు లేకుండా. వస్తువు అందమైనది, పుల్లలు, కాగితాలు పెట్టుకోడానికి బాగుంటుంది, బొగ్గు బకెట్‌గా మాత్రం మూతి ఇరుకు, వంచలేరు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. పాత రాగి బొగ్గు సామాన్లో నీళ్ళు పోసుకుని తాగొద్దు, వంట సామానుగా వాడొద్దు. రాగి బిందెలో నీళ్ళు మంచివని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు కాబట్టి ఒకాయన నిజంగానే తోమి వాడదామనుకున్నాడు, అందుకే చెప్తున్నా, వీటికి లోపల కళాయి ఉండదు, అతుకుల్లో సీసం ఉండొచ్చు, వందేళ్ళ మసి రాగిలోకి పట్టేసి ఉంటుంది. మొక్క పెట్టాలంటే ప్లాస్టిక్ కుండీ లోపల పెట్టండి, నేరుగా మట్టి పోస్తే కిలుము పట్టి అతుకు విడిపోద్ది.

తోమడం గురించి, చింతపండు పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. పెడితే మెరుస్తుంది, కాదనను, దీపావళికి మా ఆవిడ దీపపు కుందులకి పెట్టేది అదే. కానీ పాత సామానుకి ఆ గోధుమ రంగు నలుపు కలిసిన పొరే దాని విలువ, ఒకసారి తోమేస్తే మళ్ళీ రావాలంటే ఏళ్ళు పడుతుంది, కొనేవాళ్ళు కూడా అది చూసే కొంటారు. పొడి బట్టతో మసి దులిపి, గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి, చాలు. పచ్చటి కిలుము ఉన్న చోట మాత్రం చింతపండు కొంచెం రాసి నిమిషంలో కడిగేయండి, అలాగే వదిలేస్తే పులుపు రాగిని తింటుంది.

వేడి బూడిద వీటిల్లో దేంట్లోనూ వేయకండి, చెక్కపెట్టెలో అయితే ఇల్లే అంటుకుంటుంది. బూడిద చల్లారినట్టే ఉంటుంది, లోపల నిప్పు ఒకటి రెండు రోజులైనా బతికుంటుంది. దానికి మూత ఉన్న ఇనప బకెట్ వేరే కొనుక్కుని బయట రాయి మీద పెట్టండి, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించుకోండి, అది లేకుండా మంట వేయొద్దు.

దసరాకి అడిగిన ఆవిడకి స్టవ్ ఉంది, కాబట్టి హాడ్ తీసుకోమన్నా, ఆవిడకేమో రాగి మీదే మనసు, సరే మోసేదానికి హాడ్, మంట పక్కన చూడ్డానికి చిన్న హెల్మెట్, రెండూ కలిపి బడ్జెట్ 60 పౌండ్లు అనుకున్నాం. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆరింటికి కార్ బూట్ సేల్‌కి వెళ్తున్నాం, అయస్కాంతం, టార్చ్, చుట్టడానికి పాత పేపర్లు తెచ్చుకోమని చెప్పా, మీకు కూడా ఆ మూడూ సరిపోతాయి.